ఫారాబీ పొలంలో కలుపు

మీరు అడిగినవి మూడు. ఇస్లామిక్ తత్వవేత్తల రాజకీయ చింతన అంటే ప్లేటోను అరబ్బీలో తిరగరాయడమేనా? దైవగ్రంథమే చట్టమైన సమాజంలో రాజకీయ తత్వానికి పని ఏముంటుంది? వీళ్లను చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి రెండింటికీ కలిపే జవాబు చెబుతాను. ఆ రెండిటినీ విడదీస్తే ఏదీ సరిగ్గా అర్థం కాదు.

ముప్ఫై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు తత్వశాస్త్రం చెప్పినవాణ్ణి. మా పాఠ్యపుస్తకంలో వీళ్లకు దక్కింది ఒక్క పేజీ. గ్రీకు విజ్ఞానాన్ని భద్రపరిచి ఐరోపాకు అందించారని దాని సారాంశం. తపాలా బంట్రోతుకు ఇచ్చే గౌరవం అది. ఉత్తరం తెచ్చి ఇచ్చావు, సంతోషం, ఇక వెళ్లిరా. ఆ ఉత్తరాన్ని వాళ్లు దారిలో విప్పి చదివారనీ, అంచుల్లో తమ మాట రాశారనీ, కొన్నిచోట్ల అసలు రాతనే దిద్దారనీ ఆ పేజీలో ఎక్కడా ఉండదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మధ్యయుగ ఇస్లామిక్ ప్రపంచంలో రాజ్యం గురించి రాసినవారంతా తత్వవేత్తలు కారు. ఖలీఫాకు ఏ అర్హతలుండాలి, ఖాజీని ఎవరు నియమించాలి, పన్ను ఎలా వసూలు చేయాలి అని ధర్మశాస్త్ర దృష్టితో రాసినవాడు అల్ మావర్దీ (974–1058). ఆయన న్యాయకోవిదుడు. సుల్తానుకు పాలన మెళకువలు చెప్పినవాడు సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ (1018–1092). ఆయనది అనుభవజ్ఞుడైన మంత్రి సలహా. మీరు అడుగుతున్నది మూడో కోవ గురించి. వాళ్లను అరబ్బీలో ఫలాసిఫా అంటారు. అరిస్టాటిల్‌ తర్కంలో ఆరితేరి, మనిషికి అసలైన శ్రేయస్సు ఏది, దాన్ని అందుకోవడానికి ఎలాంటి నగరం కావాలి అని అడిగినవాళ్లు. మావర్దీ ప్రశ్న "పాలకుడు ధర్మబద్ధుడేనా?" అయితే, వీళ్ల ప్రశ్న "అసలు పాలన దేనికి?"

ఆ ప్రశ్నను మొదట గట్టిగా అడిగినవాడు అబూ నస్ర్ అల్ ఫారాబీ (సుమారు 870–950). మధ్య ఆసియా మూలాలున్నవాడు. బాగ్దాదులో ఎక్కువకాలం బతికాడు. ఆయనకు తర్కం చెప్పిన గురువు యూహన్నా ఇబ్న్ హైలాన్ క్రైస్తవుడు, ఆయన దగ్గర చదువుకున్న యహ్యా ఇబ్న్ అదీ కూడా క్రైస్తవుడే. "ఇస్లామిక్ తత్వం" అనే పేరు విని మసీదులో పుట్టిన విద్య అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. తరువాతి తరాలు ఫారాబీని "రెండో గురువు" అన్నాయి. మొదటి గురువు అరిస్టాటిల్.

ఆయన చుట్టూ ఉన్న రాజకీయం ఎలా ఉండేదో చూడండి. అబ్బాసీ ఖలీఫాలు పేరుకే పాలకులు, కత్తి సైన్యాధిపతుల చేతిలో ఉంది. 932లో ఖలీఫా ముక్తదిర్ తన సేనాపతితో జరిగిన పోరులో చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన ఖాహిర్‌ను 934లో దించి కళ్లు పొడిచారు. తరువాత ఆయన బిచ్చమెత్తి బతికాడని చరిత్రకారులు రాశారు. 944లో ముత్తఖీ కళ్లు పోయాయి, 946లో ముస్తక్ఫీ కళ్లు. పన్నెండేళ్లలో ముగ్గురు ఖలీఫాలు గుడ్డివాళ్లయ్యారు. 942లో ఫారాబీ బాగ్దాదు విడిచి సిరియా వెళ్లిపోయాడు. "ఉత్తమ నగరవాసుల అభిప్రాయాలు" అనే తన ప్రసిద్ధ గ్రంథాన్ని బాగ్దాదులో మొదలుపెట్టి, డమాస్కస్‌లో ముగించాడు. ఆ పుస్తకంలో ఒక్క ఖలీఫా పేరు లేదు, బాగ్దాదు ప్రస్తావన లేదు. సృష్టికి మూలమైన తొలి సత్తతో మొదలై, గ్రహగోళాలు దాటి, మనిషి బుద్ధి మీదుగా నగరానికి వస్తుంది. మొదటిసారి చదివినప్పుడు రాజకీయ గ్రంథంలో ఈ ఖగోళం ఎందుకని నాకు విసుగేసింది. రెండోసారి అర్థమైంది. పాలకుల కళ్లు పొడిచే ఊళ్లో కూర్చుని, లోకానికి ఒక క్రమం ఉందని, నగరం దాన్ని పోలి ఉండవచ్చని చెప్పడమే ఆయన రాజకీయం.

ఆరోగ్యమైన శరీరంలో గుండె ఎలాగో ఉత్తమ నగరంలో అధిపతి అలాగ అంటాడు ఫారాబీ. పోలిక పాతదే. అయితే వెంటనే ఒక తేడా చూపిస్తాడు: అవయవాలు ప్రకృతి ఆజ్ఞతో పనిచేస్తాయి, పౌరులు మాత్రం తమ ఇచ్ఛతో చేస్తారు. అందుకే నగరానికి విద్య కావాలి, అభిప్రాయాలు కావాలి. ఏ నగరమైనా అక్కడి జనం దేన్ని శ్రేయస్సు అనుకుంటారో దాన్నిబట్టి తయారవుతుందని ఆయన సిద్ధాంతం.

ప్లేటో దగ్గర లేనివి ఇక్కడ రెండున్నాయి. మొదటిది పరిమాణం. గ్రీకుల ఊహ ఒక నగరంతో ఆగిపోయింది. ఫారాబీ సంపూర్ణ సమాజాలు మూడు అంటాడు: చిన్నది నగరం, నడిమిది ఒక జాతి, పెద్దది మనుషులు నివసించే భూమి అంతా. పల్లె, వీధి, ఇల్లు అసంపూర్ణాలు. స్పెయిన్ నుంచి సింధు దాకా పరచుకున్న నాగరికతలో బతికినవాడికి ఏథెన్సు కొలత సరిపోలేదు, అంతే.

రెండోది అసలు సంగతి, మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా. ఆయన తొలి అధిపతి తత్వవేత్త మాత్రమే కాడు, ప్రవక్త కూడా. క్రియాశీల బుద్ధి, అంటే మనిషికి పైనుండి అతని బుద్ధిని మేల్కొలిపే దివ్యబుద్ధి, దాని నుంచి వచ్చే వెలుగు ఆయన బుద్ధిలో జ్ఞానంగా నిలుస్తుంది, ఊహాశక్తిలోకి దిగి దృష్టాంతాలుగా మారుతుంది. బుద్ధితో తెలుసుకున్నవాడు తత్వవేత్త. దాన్ని బొమ్మలుగా మలచి జనానికి అందించగలిగినవాడు ప్రవక్త. మతం అంటే తత్వానికి గీసిన చిత్రం. ఒక మనిషిని నేరుగా చూడవచ్చు, అతని ప్రతిమను చూడవచ్చు, నీటిలో అతని నీడను చూడవచ్చు, ప్రతిమకే నీటిలో పడిన నీడనూ చూడవచ్చు. ఫారాబీ చెప్పిన ఉదాహరణే ఇది. మనిషి ఒక్కడే, చూసే మెట్టు వేరు. జనంలో ఎక్కువమంది నీడతోనే సరిపెట్టుకోవాలి, వాళ్లకు అది చాలు.

ఇందులోంచి ఎంత పెద్ద మాట బయటికి వస్తుందో గమనించారా? సత్యం ఒకటే అయినా చిత్రాలు జాతిజాతికీ మారతాయి. ఎవరికి ఏది పరిచయమో దానితోనే బొమ్మ గీయాలి కదా. కనుక మతాలు వేరువేరుగా ఉన్న అనేక ఉత్తమ జాతులు, ఉత్తమ నగరాలు ఒకే శ్రేయస్సు వైపు నడవవచ్చని ఫారాబీ రాశాడు. పదో శతాబ్దంలో, ఖలీఫా రాజ్యంలో, అరబ్బీలో. గ్రంథమే చట్టమైన చోట తత్వానికి పనేమిటని అడిగారు. ఆ గ్రంథం ఎందుకు అవసరం, అది మనుషుల్లో ఎలా పనిచేస్తుంది, ఎవరికి ఏ మేరకు చాలు అని విచారించడమే ఆ పని. ప్లేటోకు ఈ సమస్య ఈ రూపంలో ఎదురే కాలేదు.

అధిపతికి పుట్టుకతో ఉండవలసిన పన్నెండు లక్షణాల జాబితా ఒకటుంది: అవయవ సౌష్ఠవం, గ్రహణశక్తి, ధారణ, వాక్పటిమ, సత్యప్రీతి, ధనం మీద నిర్లక్ష్యం, న్యాయం మీద మక్కువ, ఇలా. పరీక్షల్లో ఇదే అడుగుతారు, విద్యార్థులు ఇదే బట్టీ పడతారు. నాకైతే ఆ తరువాతి పేరా ముఖ్యం. ఇన్ని లక్షణాలు ఒక మనిషిలో చేరడం అరుదని ఒప్పుకుని ఫారాబీ మెట్లు దిగుతాడు. అలాంటివాడు లేకపోతే, పూర్వ పాలకుల చట్టాలు తెలిసి, వాటినుంచి కొత్త సందర్భాలకు నియమాలు తీయగల రెండో తరగతి అధిపతి చాలు. ఆయనకు ఆరు లక్షణాలు. అవీ ఒకరిలో లేకపోతే ఇద్దరు కలిసి పాలించాలి: ఒకడికి జ్ఞానం, మరొకడికి మిగతావి. అదీ కుదరకపోతే ఒక్కో లక్షణమున్న కొందరి బృందం. అన్నీ ఉండి జ్ఞానం ఒక్కటే లేకపోతే మాత్రం ఆ నగరానికి రాజు లేనట్టే, కొద్దికాలానికి అది నశిస్తుంది. గాలిలో మేడ కట్టాడని ఫారాబీని వెక్కిరించేవాళ్లు ఈ మెట్లను చూడరు.

చెడ్డ నగరాల వర్ణనలో ఆయన కలం హుషారుగా నడుస్తుంది. కేవలం బతుకుతెరువు కోసం కూడిన నగరం, ధనం కోసం కూడినది, భోగం కోసం, కీర్తి కోసం, ఇతరుల్ని లొంగదీయడం కోసం. చివరిది ఎవరికి నచ్చినట్టు వాళ్లుండే నగరం, మదీనా జమాయియ్యా. ప్రజాస్వామ్యం అని తర్జుమా చేస్తారు కాని, "నానాజన నగరం" అంటే దగ్గరగా ఉంటుంది. రంగురంగుల బొమ్మలు కుట్టిన వస్త్రంలా ఉంటుందది, చూసిన ప్రతివాడికీ అక్కడ ఉండాలనిపిస్తుంది, అన్ని జాతుల వాళ్లూ వచ్చి చేరతారు. అక్కడ అధికారులు జనం ఇష్టానికి లోబడి ఉంటారు. ఈ పోలిక ప్లేటోదే. ప్లేటో ఆ వస్త్రాన్ని కాస్త వెటకారంగా చూపిస్తే, ఫారాబీ కొంచెం ఆగి చూశాడు. అలాంటి నగరంలో కాలక్రమాన జ్ఞానులు, వక్తలు, కవులు పుట్టుకొస్తారు. మంచి చెడూ రెండూ అక్కడే విస్తారంగా పెరుగుతాయి. ఉత్తమ నగరాన్ని మొలిపించడానికి మిగతావాటికంటే బతుకుతెరువు నగరమూ, ఈ నానాజన నగరమూ అనువైన నేలలు. బాగ్దాదు పేరెత్తకుండా బాగ్దాదు గురించి రాశాడని నాకనిపిస్తుంది.

నాకు మింగుడుపడనిది కూడా చెప్పాలి. శ్రేయస్సును ఎలా సాధించాలో చెప్పే గ్రంథంలో ఫారాబీ బోధనకు రెండు దారులు చూపిస్తాడు: ఇష్టపడేవారికి ఒప్పించి నేర్పడం, మొండికేసేవారికి బలవంతంగా నేర్పడం. ఇంట్లో తండ్రి పిల్లల్ని, బడిలో ఉపాధ్యాయుడు కుర్రవాళ్లను పెంచినట్టు రాజు జాతుల్ని దిద్దుతాడట. శ్రేయస్సు ఏదో ఒకడికి తేటతెల్లంగా తెలుసునని ఒప్పుకున్నాక బెత్తం దానంతట అదే వస్తుంది. ఫారాబీ అభిమానులు ఈ పేజీలు గబగబా తిప్పేస్తారు. తిప్పకండి.

ఇక కలుపు సంగతి. ఈ సంప్రదాయమంతా దీని చుట్టూనే తిరుగుతుందని నా నమ్మకం.

ఫారాబీ మరో గ్రంథం, నగర పాలన గురించినది, ఉత్తమ నగరంలోనూ "నవాబిత్" ఉంటారంటుంది. ఆ మాటకు మొలకెత్తినవి అని అర్థం. గోధుమ చేలో గోధుమలాగే కనిపించే గడ్డి, పైరు మధ్య ముళ్లు. మన వరిచేలో ఊద లాంటిదన్నమాట. లేతగా ఉన్నప్పుడు పైరేదో కలుపేదో ఆరితేరిన రైతు తప్ప పోల్చలేడు. మంచి పనులన్నీ చేస్తూ లోలోపల పదవి కోసమో సొమ్ము కోసమో చూసేవాళ్లు ఇందులో ఒక రకం. శాసనకర్త మాటలకు తమకు కావలసిన అర్థాలు తీసేవాళ్లు ఇంకో రకం. మరో రకం దగ్గర మాత్రం ఆయన స్వరం మెత్తబడుతుంది. వీళ్లకు మతం చూపించిన బొమ్మలు చాలవు, ప్రశ్నిస్తారు. నిజం తెలుసుకోవాలనే తపనతోనే అలా అడుగుతున్నట్లయితే వాళ్లను ఒక మెట్టు పైకెక్కించాలి, అక్కడా తృప్తి చెందకపోతే ఇంకో మెట్టు, చివరికి సత్యం దాకా. అంటే కలుపని పీకబోయిన వాటిలో రేపటి తత్వవేత్త కూడా ఉన్నాడు.

ఈ పేజీలకు హైదరాబాదుతో ఒక బంధం ఉంది. అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడానికి 1888లో ఇక్కడ ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1926, 1927 ప్రాంతంలో ఫారాబీ గ్రంథాలను అచ్చువేసింది. బలవంతపు బోధన ఉన్న పుస్తకం, కలుపు ఉన్న పుస్తకం, రెండూ వాటిలో ఉన్నాయి. 1947లో ఇబ్న్ రుష్ద్ రచనలు కొన్ని వచ్చాయి. లోకంలో ఫారాబీ మీద పరిశోధన చేసిన పాత తరంవాళ్ల చేతిలో హైదరాబాదు ప్రతులుండేవి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఆ భవనం ముందునుంచి రోజూ నడిచే విద్యార్థుల్లో ఎంతమందికి ఇది తెలుసో మరి.

ఇబ్న్ సీనా (980–1037) దగ్గర ఎక్కువసేపు ఆగను. వైద్యంలో, ఆధ్యాత్మిక తత్వంలో ఆయన మహాపర్వతం, రాజకీయంలో రాసింది కొద్ది. విచిత్రమేమిటంటే వీళ్లలో నిజంగా రాజ్యం నడిపిన కొద్దిమందిలో ఆయనొకడు. ఇరాన్‌లోని హమదాన్‌లో పాలకుడు షంసుద్దౌలాకు వజీరుగా ఉండగా సైన్యం తిరగబడి ఆయన ఇల్లు దోచుకుంది, తల తీయమంది. నలభై రోజులు దాక్కున్నాడు. తరువాత మరో సందర్భంలో కోటలో నాలుగు నెలలు ఖైదు. తన మహాగ్రంథం "షిఫా" చివరి అధ్యాయాల్లో ఆయన వాదన సూటిగా ఉంటుంది. మనిషి ఒంటరిగా బతకలేడు, కలిసి బతకాలంటే ఇచ్చిపుచ్చుకోవాలి, దానికి చట్టం కావాలి, చట్టానికి కర్త కావాలి, ఆ కర్త జనం నమ్మే మనిషై ఉండాలి, కనుక ప్రవక్త అవసరం. ఆ ప్రవక్త తత్వరహస్యాలను జనం ముందు విప్పకూడదు, తన దగ్గర రహస్యమేదో ఉందన్న సూచన కూడా ఇవ్వకూడదు. ఈ చివరి ముక్క చెప్పడానికి వజీరు అనుభవం కావాలి.

అండలూసియాకు, అంటే ముస్లిం స్పెయిన్‌కు వెళదాం. ఫారాబీ పోయిన శతాబ్దం దాటాక జరగోజాలో పుట్టిన ఇబ్న్ బాజ్జా (మరణం 1139) కూడా వజీరే, జైలు చూసినవాడే. వంకాయలో విషం పెట్టి చంపారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన పుస్తకం పేరే ఆయన రాజకీయం: "ఏకాకి నిర్వహణ". నగరాన్ని నిర్వహించడం కాదు, నగరంలో ఒంటరిగా మిగిలినవాడు తన్ను తాను నిర్వహించుకోవడం.

ఇబ్న్ బాజ్జా కలుపు మాటను తీసుకుని తలకిందులు చేశాడు. ఉత్తమ నగరంలో అందరి అభిప్రాయాలూ సరైనవే కనుక అక్కడ కలుపే మొలవదు. కలుపు మొలిచేది చెడ్డ నగరంలో. ఎవరూ నాటకుండా, ఎవరూ నేర్పకుండా, తనంతట తాను సత్యాన్ని పట్టుకున్న మనిషే ఆ మొక్క. ఫారాబీ రైతు కళ్లతో చూశాడు, ఇబ్న్ బాజ్జా మొక్క కళ్లతో చూశాడు. ఇలాంటివాళ్లను సూఫీలు "అపరిచితులు" అంటారని కూడా గుర్తుచేస్తాడు. సొంత ఊళ్లో, సొంత బంధువుల మధ్య ఉన్నా, ఆలోచనలో మరెక్కడికో ప్రయాణమైపోయినవాళ్లు.

ఒంటరితనం మంచిదా మరి? మనిషి సంఘజీవి అని అరిస్టాటిల్ చెప్పాడు కదా? ఈ ఆక్షేపణకు ఆయన జవాబు వైద్యుడి జవాబు. రొట్టె, మాంసం సహజంగా మేలు చేస్తాయి. నల్లమందు, చేదుపుచ్చ విషాలు. కాని రోగం వచ్చిన శరీరానికి ఆ విషమే మందు, రొట్టే హాని. ఒంటరితనం స్వభావతః చెడ్డదే, రోగిష్టి నగరంలో అదే పథ్యం. ఉత్తమ నగరాన్ని గుర్తుపట్టడానికి ఆయన చెప్పిన కొండగుర్తు నాకు మరీ ఇష్టం: అక్కడ వైద్యులూ ఉండరు, న్యాయమూర్తులూ ఉండరు. తిండి సరిగ్గా తింటారు కనుక వైద్యుడితో పని లేదు, ప్రేమతో కలిసుంటారు కనుక తగాదా లేదు. మీ ఊళ్లో ఆస్పత్రులు, కోర్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే మీ నగరం ఏ తరగతిదో తేలిపోతుంది.

ఆ తరువాత ఇబ్న్ తుఫైల్ (మరణం 1185). అప్పట్లో మొరాకోనూ ముస్లిం స్పెయిన్‌నూ ఏలిన అల్మొహాద్ వంశపు ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్‌కు ఆస్థాన వైద్యుడు. ఈయన రాసింది శాస్త్రగ్రంథం కాదు, కథ. మనుషులు లేని దీవిలో జింక పెంచిన హయ్ ఇబ్న్ యఖ్‌జాన్ అనే పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే ప్రకృతిని, ఆత్మను, దేవుణ్ణి తెలుసుకుంటాడు. పక్క దీవినుంచి ఏకాంతం వెతుక్కుంటూ వచ్చిన ఒక భక్తుడు హయ్‌కు మాటలు నేర్పుతాడు. తన మతం బొమ్మలుగా చెప్పినవాటినే హయ్ నేరుగా చూశాడని గ్రహిస్తాడు. ఇక హయ్‌కు ఉత్సాహం వచ్చి, ఆ దీవి జనానికి అసలు సత్యం చెబుదామని బయలుదేరతాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, మర్యాదగానే వింటారు. ఆయన బొమ్మను దాటి ఒక్క అడుగు వేయగానే ముఖాలు మాడ్చుకుంటారు. చివరికి హయ్ వాళ్లకు క్షమాపణ చెప్పి, మీ పద్ధతులనే గట్టిగా పట్టుకోండని సలహా ఇచ్చి, తన దీవికి తిరిగి వెళ్లిపోతాడు.

ఫారాబీ ఆశను ఇంత మర్యాదగా ఖండించినవాడు మరొకడు లేడు. నీడతో తృప్తిపడేవాణ్ణి మనిషి వైపు తిప్పబోతే నీడ కూడా పోతుందని ఆ కథ భయం. దీన్ని పిల్లల సాహసకథగా చదివినవాళ్లున్నారు, సూఫీ కథగా చదివినవాళ్లున్నారు. చివరి పది పేజీలు రాజకీయం.

ఈ ఇబ్న్ తుఫైలే ఒకరోజు ఒక పండితుణ్ణి ఖలీఫా దగ్గరికి తీసుకెళ్లాడు. ఖలీఫా కుశలప్రశ్నలయ్యాక, ఆకాశం అనాది అంటారా తత్వవేత్తలు, లేక సృష్టించబడిందంటారా అని అడిగాడు. పండితుడికి ముచ్చెమటలు పట్టాయి, తనకు తత్వంతో సంబంధమే లేదన్నాడు. అప్పుడు ఖలీఫా ఇబ్న్ తుఫైల్ వైపు తిరిగి ప్లేటో, అరిస్టాటిల్ వాదాలను తానే వివరించడం మొదలుపెట్టాక పండితుడికి ధైర్యం వచ్చి నోరు విప్పాడు. ఆ పండితుడు ఇబ్న్ రుష్ద్ (1126–1198), లాటిన్ ఐరోపా అవెరోయెస్ అని పిలుచుకున్న మనిషి. తత్వవేత్తకు, పాలకుడికి మధ్య నిజానికి ఉన్న సంబంధం ఎలాంటిదో పన్నెండు లక్షణాల జాబితా కంటే ఈ సంఘటన బాగా చెబుతుంది.

ఇబ్న్ రుష్ద్ వంశమే ఖాజీల వంశం. ఆయన సెవిల్‌లో, తరువాత కార్డోబాలో ఖాజీగా పనిచేశాడు. ఏకాకిగా బతకడం ఆయన వల్ల కాదు, రోజూ తగాదాలు తీర్చాలి. అందుకే తత్వం కోసం కూడా కోర్టుకే వెళ్లాడు. తత్వాన్ని అభ్యసించడం ధర్మశాస్త్రం దృష్టిలో నిషిద్ధమా, అనుమతమా, విధా? ఇది అచ్చంగా ఫత్వా అడిగే పద్ధతి. ఆయన తీర్పు: శక్తి ఉన్నవాడికి అది విధి. తత్వం చదివి ఎవరో చెడిపోయారని అందరికీ మాన్పించడం, నీళ్లు పొలమారి ఒకడు చచ్చాడని దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వకపోవడం లాంటిది. పొలమారడం ప్రమాదం, దాహంతో చావడం మాత్రం అనివార్యం. దాంతోపాటు ఒక హద్దు కూడా గీశాడు. మనుషుల్లో కొందరు నిరూపణతో ఒప్పుకుంటారు, కొందరు వాదంతో, ఎక్కువమంది ఉపన్యాసంతో. నిరూపణ చదవవలసినవాళ్ల కోసం రాసిన విషయాలను ఉపన్యాసం వినేవాళ్ల ముందు పరచకూడదు. తత్వవేత్తలను ఖండిస్తూ పుస్తకం రాసిన మతపండితుడు అల్ గజాలీ మీద ఆయన కోపం తత్వాన్ని ఖండించినందుకు మాత్రమే కాదు, ఆ గొడవను బజారుకెక్కించినందుకు.

ఆయన ప్లేటో "రిపబ్లిక్"కు వ్యాఖ్యానం రాశాడు. ఎందుకు ప్లేటో? అరిస్టాటిల్ "పాలిటిక్స్" తన చేతికి అందలేదని ఆయనే చెప్పుకున్నాడు. నిజానికి ఆ గ్రంథం మధ్యయుగంలో అరబ్బీలోకే రాలేదు. వీళ్లంతా ప్లేటో వారసులు కావడానికి ఈ లోటు ఒక ముఖ్య కారణం. ఆ వ్యాఖ్యానం అరబ్బీ మూలం పోయింది. 14వ శతాబ్దంలో సామ్యూల్ బెన్ యెహూదా చేసిన హీబ్రూ అనువాదం వల్లే మనకు మిగిలింది. ముస్లిం ఖాజీ గ్రీకు గ్రంథం మీద రాసినదాన్ని యూదు పండితుడు కాపాడాడు.

ప్లేటోను తిరగరాయడమేనా అన్నారు కదా, ఇక్కడ చూడండి. ప్లేటో గ్రీకు ఉదాహరణలు ఇచ్చిన చోట ఇబ్న్ రుష్ద్ తన దేశాన్ని పెట్టాడు. ఉత్తమ పాలన కీర్తికాంక్షగా, తరువాత భోగలాలసగా ఎలా దిగజారుతుంది? అల్మొహాదులకు ముందు ఏలిన అల్మొరావిదులను చూడండి, తాత చట్టాన్ని అనుసరించాడు, కొడుకు కీర్తినీ ధనాన్నీ కోరాడు, మనవడు భోగంలో మునిగాడు, రాజ్యం పోయింది. నానాజన నగరం నిరంకుశంగా ఎలా మారుతుంది? హిజ్రీ 500 తరువాత మా కార్డోబాను చూడండి, 540 తరువాత ఏమైందో చూడండి. ఈ రెండో తేదీ, అంటే 1145 ప్రాంతం, నాటికి ఆయనకు సుమారు పంతొమ్మిదేళ్లు. చూసినదే రాశాడు.

స్త్రీల గురించి రాసింది ఇంకా ఘాటైనది. కావలి పనికి స్త్రీలూ అర్హులేనన్న ప్లేటో మాటను సమర్థించి ఊరుకోలేదు. మన నగరాల్లో స్త్రీల సామర్థ్యం ఏమిటో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాళ్లను పిల్లల్ని కనడానికి, పెంచడానికి, భర్తకు సేవ చేయడానికి మాత్రమే ఉంచారు, మొక్కల్లా బతుకుతున్నారు, నూలు వడకడం, నేయడం లాంటివి తప్ప మరో పనికి వాళ్లను సిద్ధం చేయలేదు, ఈ నగరాల పేదరికానికి అదొక కారణం అని ఆయన వాదన. న్యాయం పేరుతో కాక ఊరి ఆర్థికం పేరుతో చేసిన వాదన అని గమనించండి. పన్నెండో శతాబ్దపు ఖాజీ కలంనుంచి వచ్చిందిది.

1195లో రాజాదరణ పోయింది. అప్పటి ఖలీఫా, ఆయన్ను ఆదరించిన అబూ యాఖూబ్ కుమారుడే, కార్డోబా దగ్గరి లూసేనా ఊరికి వెలివేశాడు, తత్వగ్రంథాలను తగలబెట్టించాడు. స్పెయిన్‌లోని క్రైస్తవ రాజ్యం కాస్టీల్‌తో యుద్ధవేళ సంప్రదాయ పండితుల మద్దతు కావలసివచ్చి ఇలా చేశాడని చాలామంది చరిత్రకారుల అంచనా. తరువాత మన్నించి పిలిపించుకున్నాడు, కొద్దికాలానికే ఇబ్న్ రుష్ద్ మర్రాకెష్‌లో కన్నుమూశాడు.

తూర్పున ఈ కథ వేరుగా నడిచింది. నసీరుద్దీన్ తూసీ (1201–1274) ఫారాబీ రాజకీయాన్ని పర్షియన్‌లోకి, దర్బారులోకి తెచ్చాడు. 1235 ప్రాంతంలో ఇస్మాయిలీ (షియాల్లో ఒక శాఖ) ప్రభువు కోసం రాసిన నీతిగ్రంథంలో సమాజాన్ని నాలుగు భూతాలతో పోల్చాడు: కలం పట్టినవారు నీరు, కత్తి పట్టినవారు నిప్పు, వర్తకులు, చేతిపనివారు గాలి, రైతులు నేల. ఒకటి మించితే ఒళ్లు చెడుతుంది. మంగోలులు వచ్చి ఇస్మాయిలీ కోటలు కూల్చాక తూసీ మంగోలు నాయకుడు హులాగూ పక్షాన చేరి, గ్రంథం ముందుమాట మార్చేశాడు. అవకాశవాదం అనాలో, మిగిలిన గ్రంథాలనైనా కాపాడిన తెలివి అనాలో నేను తేల్చుకోలేదు. ఆ పుస్తకాన్ని అక్బరుకు చదివి వినిపించేవారని అబుల్ ఫజల్ రాశాడు. ఆయన తన "ఐనీ అక్బరీ" ముందుమాటలో చేసిన నాలుగు భూతాల విభజన అచ్చం ఇదే. కనుక ఫారాబీ నగరం ఆగ్రా దాకా వచ్చింది, కాకపోతే కలుపు గురించిన సందేహాలన్నీ దారిలో రాలిపోయి రాజుకు పనికొచ్చే సమతూకం మాత్రం మిగిలింది.

వీళ్లందరికీ గట్టి ఆక్షేపణ చెప్పినవాడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406). 1377లో తన "ముఖద్దిమా"లో, తత్వవేత్తలు చెప్పే ఉత్తమ నగరం జరగని సంగతి, ఊహగా మాట్లాడుకునేది అని పక్కన పెట్టేశాడు. సంఘానికి ప్రవక్త తప్పనిసరి అన్న ఇబ్న్ సీనా బాపతు వాదానికి ఆయన జవాబు ఒక్క వాక్యం: దైవగ్రంథం లేని జాతులు రాజ్యాలు కట్టలేదా, వాళ్లే లోకంలో ఎక్కువ కదా? రాజ్యాన్ని నిలబెట్టేది అసబియ్యా, అంటే ఒకరికోసం ఒకరు చచ్చిపోయేంత గుంపు బంధం. ఇబ్న్ రుష్ద్ పట్నంలో తరతరాలుగా ఉండటాన్ని వంశగౌరవం అన్నాడని, ఆ బంధం చచ్చిపోయిన ఊళ్లో పెరిగినవాడికి అది ఎలా తెలుస్తుందని ఎత్తిపొడిచాడు. చాలా మంది ఇక్కడితో తత్వవేత్తల కథ ముగిసిందంటారు. నేను ఒప్పుకోను. రాజ్యాలు ఎలా పుట్టి ఎలా పడిపోతాయో ఇబ్న్ ఖల్దూన్ చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు. పడిపోతున్న రాజ్యంలో ఆలోచించే మనిషి ఏం చేయాలన్నది మాత్రం ఆయన ప్రశ్న కాదు. అది ఫారాబీ, ఇబ్న్ బాజ్జా, ఇబ్న్ తుఫైల్, ఇబ్న్ రుష్ద్ నాలుగు రకాలుగా జవాబిచ్చిన ప్రశ్న. అందుకే ప్లేటోను తిరగరాశారా అంటే, ప్లేటో మొదటి పుటలు రాశాడు, మిగతా లెక్క వీళ్లు చేశారు అంటాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ఫారాబీ ఉత్తమ నగరంతో మొదలుపెట్టి గ్రహగోళాల దగ్గరే పుస్తకం మూసేస్తారు. మీరు ఇబ్న్ తుఫైల్ కథతో మొదలుపెట్టండి, ఇంగ్లీషులో తేలికగా దొరుకుతుంది, రెండు సాయంత్రాలు చాలు. ఆ తరువాత ఇబ్న్ రుష్ద్ తీర్పు, అది చిన్న పుస్తకం. అప్పుడు ఫారాబీ దగ్గరికి రండి, వచ్చినా ఉత్తమ నగరం కాకుండా నగర పాలన గ్రంథం తీసుకుని వెనకనుంచి చదవండి. కలుపు చివర్లోనే ఉంది.

అరబ్బీ నేర్చుకునే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. హైదరాబాదు పాత ప్రతుల్లో అచ్చుతప్పులు బాగానే ఉన్నాయి. నేను మొదటిసారి "నవాబిత్"ను అలాంటి ఒక పేజీలో "నవాయిబ్" అని చదువుకుని, ఆపదల గురించి రాశాడేమో అని మూడు రోజులు తల పట్టుకున్నాను. ఒక చుక్క ఇటు, ఒక అక్షరం అటు.